ఎడిటర్‌లో ఫాంటు, సైజు, రంగుల బటన్లు తీసేద్దామా వద్దా? మీ మాట చెప్పండి

సీతమ్మధార_అక్క:
అందరికీ నమస్కారం. మన కాలనీ నెలపత్రిక సైట్‌లో వ్యాసాలు ఎక్కించే పని రెండేళ్ళ నుంచి నా నెత్తి మీదే ఉందని తెలుసు కదా. మొన్న సింహాచలం చందనోత్సవం వ్యాసం పెడుతుంటే మధ్యలో జానెడు ఖాళీ కనపడింది, ఎవరో ఎంటర్ తెగ కొట్టేసారు అనుకుని బ్యాక్‌స్పేస్ నొక్కుకుంటూ పోయాను, ఎంత నొక్కినా ఆ ఖాళీ తరగట్లేదు, చిరాకేసి మొత్తం సెలెక్ట్ చేద్దామని కంట్రోల్ ఏ కొట్టాను. అప్పుడు నీలం పట్టీలో తెల్లటి అక్షరాలు తేలాయండీ! అక్షయ తృతీయ నాటి నిజరూప దర్శనం గురించి రాసిన పేరా మొత్తం అక్కడే ఉంది, తెల్ల కాయితం మీద తెల్ల సిరాతో. అందులో రెండు లైన్లు అప్పటికే నేను మింగేసాను, కంట్రోల్ జెడ్ పుణ్యమా అని వెనక్కి వచ్చాయి. స్వామి నిజరూపం ఏడాదికోసారే అంటే సరే, పేరా కూడా అలాగే అంటే ఎలా.

నా ప్రతిపాదన ఇది. ఎడిటర్ (సైట్‌లో మనం వ్యాసం టైప్ చేసే పెట్టె) పైన ఉన్న ఫాంటు, సైజు, రంగు బటన్లు మూడూ పీకేద్దాం. బోల్డు, ఇటాలిక్, హెడ్డింగు, లిస్టు, లింకు, బొమ్మ చాలు. ఎవరైనా బయట నుంచి పేస్ట్ చేస్తే ఉత్త అక్షరాలు మాత్రమే పడేలా పెడదాం. ఏమంటారు?

ఉక్కునగరం_రిటైర్డ్:
నేను ఒప్పుకోను అమ్మా. ముప్పయ్యేళ్ళు స్టీల్ ప్లాంట్లో పని చేసాను, అక్కడ ఎరుపు అంటే అర్థం వేరు, పసుపు అంటే వేరు, రంగు సోకు కోసం కాదు. మన పత్రిక చదివేవాళ్ళలో సగం మంది నా వయసు వాళ్ళే, నీళ్ళు ఫలానా రోజు రావు అని నల్లగా చిన్నగా రాస్తే ఎవడికి ఆనుతాది? నేను 18 సైజు ఎర్రరంగు పెడితేనే జనం చదివారు. ఒకళ్ళు తెల్లరంగుతో పేస్ట్ చేసారని అందరి చేతిలో కుంచె లాక్కుంటారా, కూరలో ఉప్పెక్కువైందని ఉప్పు డబ్బా పారేస్తామా ఎక్కడైనా.

మద్దిలపాలెం_మావ:
బాబాయ్ గారూ, అక్కా, ఇద్దరూ కోప్పడకపోతే ముందు ఆ తెల్లరంగు ఎక్కడిదో చెప్తాను, ఎందుకంటే అది రంగు బటన్ నొక్కితే వచ్చింది కాదు.

రాసినాయన డార్క్ మోడ్‌లో (నల్ల తెర మీద తెల్లక్షరాలు) ఉన్న పేజీలోంచి కాపీ చేసి ఉంటాడు. క్రోమ్‌లో కాపీ కొడితే అక్షరాలతో పాటు వాటి ఫాంటు, సైజు, రంగు, వెనకాల నలుపు అన్నీ మూటగట్టుకుని వస్తాయి. పేస్ట్ చేసినదాన్ని వడకట్టే పని మన ఎడిటర్ చేస్తాది, ఆ వడపోతలో వెనక నలుపు పోయింది, ముందు తెలుపు మిగిలిపోయింది. వెనకాల కోడ్ చూపించే సోర్స్ బటన్ నొక్కి చూడండి, స్పాన్ ట్యాగు (అక్షరాల చుట్టూ వేసే కోడ్ గుర్తు) లోపల కలర్ దగ్గర తెలుపు అని రాసి ఉంటాది. వర్డ్ నుంచి పేస్ట్ చేసినా ఇదే తంతు, ప్రతి పేరాకీ ఎంఎస్ఓనార్మల్ అని ఒక క్లాసు తగిలించుకుని వస్తాది, పేరా నాలుగు లైన్లుంటే దాని చుట్టూ చెత్త పది లైన్లు.

అసలు ఈ బ్రౌజర్ ఎడిటర్ల పుట్టుకే కొంచెం అలాంటిది లెండి. 2000లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5లో కంటెంట్‌ఎడిటబుల్ అని ఒకటి పెట్టారు, పేజీలో ఒక ముక్కని నేరుగా దిద్దుకోవచ్చు అని. మిగతావాళ్ళు కూడా పెట్టారు గానీ ఎవడి దారి వాడిది, ఎంటర్ కొడితే ఒకడు పీ ట్యాగు వేసేవాడు, ఒకడు బీఆర్, ఇంకొకడు డివ్. బోల్డు చెయ్యడానికి వాడే ఎగ్జిక్‌కమాండ్ అనే ఆదేశాన్ని అయితే ఇప్పుడు వాడొద్దని పక్కన పెట్టేసారు, అయినా బతికే ఉంది. ఇన్ని గోలల్ని సర్దటానికే టైనీఎంసీఈ, సీకేఎడిటర్ లాంటి రెడీమేడ్ ఎడిటర్లు పుట్టాయి. పైన కనిపించేది బటన్లే, అసలు పని అంతా కింద వడపోతలో ఉంటాది.

కాబట్టి నా ఓటు అక్కకే. కాకపోతే బటన్ తీసేస్తే చాలదు, వడపోత కూడా బిగించాలి.

ఎంవీపీ_వంటిల్లు:
బటన్ల గొడవ మీరు తేల్చుకోండి గానీ, ఉత్త అక్షరాలే పేస్ట్ అవ్వాలి అంటే నా టేబుల్ ఏమవుద్ది? పోయిన నెల మెంతికాయ కొలతలు టేబుల్ చేసి పంపాను, ఆవపిండి ఎంత, ఉప్పెంత, నూనెంత అని. అది కాస్తా ఉత్త అక్షరాలుగా పడితే కొలతలన్నీ ఒక గుట్ట అయిపోతాయి, ఎవరైనా ఉప్పు అంకె కారానికి చదివి పెట్టేసుకుంటే జాడీ పారబోసుకోవాల్సిందే. ఇంకోటి, మొన్న గంటన్నర టైప్ చేసి సేవ్ నొక్కితే లాగిన్ అవ్వమంది, అయ్యాక చూస్తే ఖాళీ పెట్టె. అది ఎవరికి చెప్పుకోవాలి?

గాజువాక_కుర్రోడు:
అక్కా ఆ తెల్లపేరా నాదే, సారీ 🙏 

కావాలని చెయ్యలేదు. నాకు లాప్‌టాప్ లేదు, ఫోన్లోనే రాస్తాను. ఎడిటర్లో డైరెక్టుగా తెలుగు కొడుతుంటే కర్సర్ ఎగిరి వెనక్కి వెళ్ళిపోద్ది, ఒక్కోసారి కొట్టిన మాటే రెండుసార్లు పడిపోద్ది, "దర్శనందర్శనం" అని. చెరిపితే ఒత్తులు పోయి అక్షరం మిగులుద్ది. అందుకే నోట్స్‌లో రాసుకుని కాపీ చేస్తాను, నా ఫోన్ మొత్తం డార్క్ మోడే. ఉత్త అక్షరాలే పడాలంటే కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టు అని అందరూ చెప్తారు, ఫోన్లో కంట్రోల్ ఎక్కడుంటాది గురూ.

మద్దిలపాలెం_మావ:
తమ్ముడూ, నీ తప్పేం లేదు. ఫోన్ కీబోర్డు మాట పూర్తయ్యేదాకా అక్షరాల్ని తన చేతిలోనే పట్టుకుని మారుస్తూ ఉంటాది, ఈలోపు ఎడిటర్ కూడా వాటిని సర్దబోతాది, ఇద్దరూ ఒకే తాడు లాగితే మాట రెండు ముక్కలయ్యేది అక్కడే. బయట రాసుకోవటమే మంచిది. ఆండ్రాయిడ్‌లో పెట్టె మీద వేలు నొక్కి పట్టుకో, పేస్ట్ పక్కనే పేస్ట్ యాజ్ ప్లెయిన్ టెక్స్ట్ అని ఉంటాది, అది కొట్టు. ఒకవేళ మామూలు పేస్ట్ కొట్టేసినా కంగారు లేదు, మొత్తం సెలెక్ట్ చేసి ఇంగ్లీషు టీ అక్షరం పక్కన చిన్న ఇంటూ ఉన్న బటన్ నొక్కితే రంగులన్నీ రాలిపోతాయి. అది హెడ్డింగుల జోలికి, లిస్టుల జోలికి పోదు.

వంటిల్లు అక్కా, టేబుల్ని పేస్ట్ చెయ్యకండి, ఎడిటర్లోనే టేబుల్ బటన్ తో గళ్ళు గీసుకుని నింపండి. సేవ్ సంగతి వేరు, లాగిన్ గడువు అయిపోయింది అంతే, ఎడిటర్ కి ఆ సంగతి తెలియదు. ఆటోసేవ్ పెట్టిస్తాను, అప్పటిదాకా సేవ్ నొక్కే ముందు ఒకసారి మొత్తం కాపీ చేసుకోండి, దండం పెడతాను.

డాబాగార్డెన్స్_డీటీపీ:
అందరూ రంగుల మీద పడ్డారు, నా బాధ ఫాంటు. పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి కరపత్రాల దాకా మేం కంపోజ్ చేసేది అను ఫాంట్లలోనే. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, లోపల ఉండేది ఇంగ్లీషు గుర్తులు, పైన వేసిన ముసుగు తెలుగు. మన సభ్యులు కొందరు పాత పేజ్‌మేకర్ (పేజీలు కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్) ఫైల్ లోంచి తీసి ఎడిటర్లో పేస్ట్ చేస్తారు, టోపీలు తోకలు ఉన్న ఇంగ్లీషు అక్షరాల కుప్ప పడుతుంది, అప్పుడు ఫాంటు బటన్లో అను లేదేంటి పెట్టించండి అని నాకే ఫోన్. పెట్టినా ఏం లాభం? రాసినవాడి కంప్యూటర్లో ఆ ఫాంటు ఉంది కాబట్టి వాడికి తెలుగులా కనపడుద్ది, చదివేవాడికి ఆ కుప్పే. గూగుల్‌కి ఆ కుప్పే, వెతికినా దొరకదు. ముందు కన్వర్టర్లో యూనికోడ్ చేసుకోవాలి, తర్వాతే ఎడిటర్. అందుకే ఫాంటు బటన్ తీసెయ్యమనే నా మాట.

పన్లో పని, జస్టిఫై బటన్ కూడా పీకండి. మన మాటలు పొడుగు, ఫోన్లో లైనుకి మూడు మాటలు పడతాయి, రెండు వైపులా లాగి కడితే మధ్యలో బస్సు పట్టేంత సందులు.

ఉక్కునగరం_రిటైర్డ్:
ఫాంటు తీస్తే తియ్యండి, నాకు పని లేదు. సైజు, రంగు మాత్రం వదలను. 

సీతమ్మధార_అక్క:
నిన్న రాత్రి మద్దిలపాలెం తమ్ముడు టెస్ట్ సైట్లో మూడు బటన్లూ తీసి ఇచ్చాడు. పేస్ట్ చేసి చూసాను, తెల్లపేరా నల్లగానే పడింది, హాయిగా ఉంది. ఆ ఊపులో పాత వ్యాసం ఒకటి తెరిచాను, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు గురించి బాబాయ్ గారు రాసింది. ఒక్క అక్షర దోషం దిద్ది సేవ్ కొట్టాను. అంతే! ఆయన గంటల వారీగా పెట్టిన రంగులన్నీ పోయాయి. కరెంటు పోయింది ఒక రంగు, గాలి తిరిగింది ఒక రంగు, చెట్లు పడ్డాయి ఒక రంగు, అలా పెట్టుకున్నారు. నేను రంగుల్ని ముట్టుకోనే లేదండీ.

మద్దిలపాలెం_మావ:
అక్కా అది నేను ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. కొన్ని ఎడిటర్లలో టూల్‌బార్‌లో ఏ బటన్ లేకపోతే ఆ బటన్ వేసే ట్యాగుల్ని కూడా రానివ్వదు, సీకేఎడిటర్లో 4.1 వెర్షన్ నుంచి ఉన్న పద్ధతి, మనం పెట్టుకున్న వడపోతా అదే తీరు. పేస్ట్ కి మంచిదే, పాత వ్యాసాలకి మాత్రం ఉరి. తెరిస్తేనే వడకట్టేస్తాది, సేవ్ కొడితే ఖాయం. చూడ్డానికి ఏ హెచ్చరికా రాదు. టెస్ట్ సైట్ కాబట్టి సరిపోయింది, అసలు సైట్లో ఆయన వ్యాసం భద్రం.

సీతమ్మధార_అక్క:
నా ప్రతిపాదన నేనే మార్చుకుంటున్నా. ఫాంటు, సైజు, జస్టిఫై పోతాయి. పేస్ట్ లో రంగులు రావు, కానీ పాత వ్యాసాల్లో ఉన్నవి ఉన్నట్టే ఉండేలా వడపోతకి మినహాయింపు పెట్టాలి, అది అయ్యేదాకా పాతవి ఎవరూ తెరవద్దు, దోషం కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి. రంగు బటన్ బదులు స్టైల్స్ లిస్టులో "ముఖ్య గమనిక" అని ఒకటి పెట్టిస్తాను, ఎంచుకుంటే పేరా మొత్తం పెద్దక్షరాలతో రంగు పెట్టెలో పడుద్ది, డార్క్ మోడ్‌లో చదివినా కనపడుద్ది. బాబాయ్ గారూ, నీళ్ళు రాని రోజు నోటీసు దాన్లో పెట్టండి.

ఉక్కునగరం_రిటైర్డ్:
పెట్టె ఏ రంగు?

మద్దిలపాలెం_మావ:
లేత ఎరుపు బాబాయ్ గారూ, అంచు ముదురు ఎరుపు.

ఉక్కునగరం_రిటైర్డ్:
లేత ఎరుపు అంటే గులాబీ. గులాబీ పెట్టెలో నీళ్ళు రావు అంటే పెళ్ళి పిలుపు అనుకుంటారు జనం. పసుపు వెయ్యి, మీద నల్లక్షరాలు, అప్పుడు సైజు బటన్ తీసేసుకోండి.

మద్దిలపాలెం_మావ:
పసుపే వేసాను, రిఫ్రెష్ కొట్టి చూడండి.

ఉక్కునగరం_రిటైర్డ్:
చూసాను. ఇంకొంచెం ముదురు.