కొత్త టూల్ కొనేముందు పరీక్షించాల్సింది వేగాన్నా, వదిలేసే దారినా?

బ్యాకెండ్_మియాపూర్

మా ఆఫీసులో నడుస్తున్న వాదన ఇది, మీ అందరి అభిప్రాయం కావాలి. మేం చిన్న ఆసుపత్రులకు, మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. కోడ్ రాసిపెట్టే ఏఐ అసిస్టెంట్ ఒకటి కొంతమందికి ట్రయల్‌గా ఇచ్చారు. ట్రయల్ అయ్యాక ఒక ఫారం వచ్చింది: పని వేగం పెరిగిందా, నచ్చిందా, ఇకమీదా వాడతారా. అందరూ అవుననే నింపారు. దాన్ని పట్టుకుని టీమ్ మొత్తానికి ఏడాది లైసెన్సులు కొనబోతున్నారు.

టూల్ మీద నాకు కోపం లేదు, నేనూ వాడాను. నా అభ్యంతరం ఆ ఫారంతోనే. వేగం పెరిగిందా అని వాడినవాణ్ని అడిగితే వచ్చే జవాబును నమ్మలేం. ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ 2025 జులైలో ఒక అధ్యయనం బయటపెట్టింది. అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) డెవలపర్లు, వాళ్లు ఏళ్లుగా చూసుకుంటున్న ప్రాజెక్టులు, 246 పనులు. ఏ పనికి ఏఐ వాడొచ్చు, ఏ పనికి వాడకూడదు అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. మొదలుపెట్టే ముందు వాళ్లు 24 శాతం సమయం కలిసొస్తుందనుకున్నారు. అంతా అయ్యాక కూడా 20 శాతం కలిసొచ్చిందనే చెప్పారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. ఆ తేడా చూశాక కూడా ఫారంలో టిక్కులు లెక్కపెట్టి డబ్బు ఎలా కడతాం?

నేను కోరుతున్నది ఇదీ. ఏ టూలైనా కొనేముందు దాన్ని వదిలేసే పరీక్ష పెట్టాలి. ఏడాది తర్వాత అది లేకుండా మన పని మనం చేసుకోగలమా, దానిలోంచి మన సరుకు బయటికి తెచ్చుకోగలమా అని ముందే చూడాలి. ఇది తేలకుండా వేగం సంగతి మాట్లాడటం వృథా.

కొండాపూర్_స్టార్టప్

గౌరవంగానే విభేదిస్తున్నా. ఆ అధ్యయనం నేనూ చదివాను. ఏళ్లుగా చూసుకుంటున్న పెద్ద ప్రాజెక్టుల్లో, ప్రతి మూలా తెలిసినవాళ్ల మీద చేసింది అది. మొన్న చేరినవాడికి అదే వర్తిస్తుందని ఆ పరిశోధకులే అనలేదు. 2023లో వచ్చిన గిట్‌హబ్ కోపైలట్ (ఇలాంటిదే ఒక ఏఐ అసిస్టెంట్) ప్రయోగం చూడండి. జావాస్క్రిప్ట్ భాషలో ఒక హెచ్‌టీటీపీ సర్వర్ (వెబ్ పేజీలు అందించే ప్రోగ్రాం) రాయమంటే, టూల్ ఉన్నవాళ్లు 55.8 శాతం వేగంగా ముగించారు. అదీ కొలిచి చెప్పిన అంకే.

ఇక వదిలేసే పరీక్ష. కోడ్ రాసుకునే ఎడిటర్‌కు తగిలించే ఒక ఎక్స్‌టెన్షన్ అది. తీసేయాలంటే ఒక క్లిక్కు. డేటాబేస్ మార్చడంతో సమానంగా దీన్ని చూస్తే ఎలా? ఇలా కమిటీలు వేసుకుంటూ కూర్చున్న కంపెనీల్లో పనిచేసి వచ్చాను. టూల్ పరిశీలన ముగిసేలోపు ఆ టూల్ కొత్త వెర్షన్ వచ్చేస్తుంది, మళ్లీ మొదటికి. మాలాంటి చిన్న టీములకు ఆలస్యం కూడా నష్టమే, ఆ నష్టాన్ని మాత్రం ఏ ఫారమూ అడగదు.

బ్యాకెండ్_మియాపూర్

సర్వర్‌ను మొదట్నుంచి రాయడం మా పని కాదండీ. మా పని ఎలా ఉంటుందో చెప్తాను. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ రేట్ల మార్పు ప్రకటించారు, 22 నుంచి అమలు. 12, 28 శాతం శ్లాబులు దాదాపు పోయాయి. చాలా మందులు 12 నుంచి 5కి దిగాయి, కొన్నిటికి పన్నే లేకుండా పోయింది. బయటినుంచి చూస్తే పట్టికలో అంకెలు మార్చడమే కదా అనిపిస్తుంది. కానీ 22కు ముందు అమ్మిన మందు తర్వాత వాపసు వస్తే పాత రేటుతోనే క్రెడిట్ నోట్ (వాపసు సొమ్ముకిచ్చే చీటీ) పోవాలి. పాత స్టాకు మీద పాత ఎంఆర్‌పీ అచ్చయి ఉంటుంది. రేటు ఒక్క వస్తువుకే కాదు, తేదీకి కూడా కట్టుబడి ఉండాలి. ఇవన్నీ మా కోడ్‌లో వేర్వేరు మూలల్లో ఉన్నాయి, రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

అందుకే మేనేజర్ గారికి ఒక మాట చెప్పాను. ఆ జీఎస్టీ టికెట్‌నే, అంటే ఆ మార్పు పనినే, టూల్‌కు పరీక్షగా ఇద్దాం. అది ముగిసిన పని. సరైన జవాబు మనకు తెలుసు, అప్పుడు ఏ బగ్గులు వచ్చాయో కూడా తెలుసు. టూల్‌తో ఒకరు, లేకుండా ఒకరు, ఆ కోడ్ ముందు చూడనివాళ్లు చేయాలి. రివ్యూకు పట్టిన సమయం కూడా కలిపి లెక్కేయాలి. ఎవరో తయారుచేసిన సర్వర్ కన్నా ఇది మా గురించి ఎక్కువ చెప్తుంది.

ఇన్‌ఫ్రా_వైజాగ్

ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. వదిలేయడం సులువా కష్టమా అన్నది ఇన్‌స్టాల్ బటన్‌ను బట్టి ఉండదు. ఆ టూల్ మన డిస్కు మీద ఏం వదిలిపోతుంది, దాన్ని ఇంకెవరైనా చదవగలరా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సర్వర్లను కోడ్ రాసి ఏర్పాటుచేసే టెర్రాఫామ్ అనే టూల్ సంగతి నాకు దగ్గరగా తెలుసు, నా ఉద్యోగమే దాని మీద. 2023 ఆగస్టులో దాన్ని తయారుచేసే హాషికార్ప్ దాని లైసెన్సును ఓపెన్ సోర్స్ నుంచి బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు మార్చింది. సొంత సర్వర్ల కోసం వాడుకునే కంపెనీకి దానివల్ల అడ్డేమీ లేదు. హాషికార్ప్‌తో పోటీపడే సర్వీసు అమ్మేవాళ్లకే చిక్కు. అయినా మా దగ్గర లీగల్ వాళ్లు బెంబేలెత్తారు, ఎందుకంటే పోటీ అంటే ఏమిటో రేపు ఎవరు తేలుస్తారన్నది వాళ్లకు స్పష్టంగా లేదు. ఆ సెప్టెంబర్‌లోనే దాని ఫోర్క్ (పాత కోడ్‌ను తీసుకుని వేరుగా నడిపే ప్రాజెక్టు) ఓపెన్‌టోఫు లైనక్స్ ఫౌండేషన్ కిందికి వచ్చింది. 2024 జనవరిలో వాడుకకు సిద్ధమైన మొదటి వెర్షన్ విడుదలైంది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లగలిగారు. కాన్ఫిగరేషన్ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. స్టేట్ ఫైలు, అంటే ఇప్పుడు ఏమేం ఏర్పాటై ఉన్నాయో రాసుకునేది, జేసన్ అనే చదవగలిగే టెక్స్ట్ రూపంలో ఉంటుంది. పాత కోడ్ ఓపెన్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి ఫోర్క్ చేసే హక్కు ఉంది. దారి ముందునుంచే తెరిచి ఉంది, లైసెన్స్ మారిన రోజు ఎవరూ కొత్తగా వేయలేదు. అయితే ఆ దారి ఎప్పటికీ అంతే వెడల్పుగా ఉండదు. ఓపెన్‌టోఫు 1.7లో స్టేట్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే (తాళం లేకుండా చదవలేకుండా మార్చే) సౌకర్యం వచ్చింది. అది వాడటం మొదలుపెట్టాక వెనక్కి టెర్రాఫామ్‌కు రావాలంటే ముందు దాన్ని తీయాలి. మనం వాడే ప్రతి ప్రత్యేక సౌకర్యమూ దారిని కొంచెం ఇరుకు చేస్తుంది. తప్పు లేదు, తెలిసి చేయాలి అంతే.

కొండాపూర్ గారూ, డాకర్ డెస్క్‌టాప్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే టూల్) కూడా ఒక క్లిక్కుతో పోయేదే. 2021 ఆగస్టులో 250 మంది ఉద్యోగులు లేదా కోటి డాలర్ల ఆదాయం దాటిన కంపెనీలకు డబ్బు కట్టాల్సిందేనన్నప్పుడు ఎంతమంది పరుగులు పెట్టారో గుర్తుందా? టూల్ తీసేయడంతో అయిపోలేదు, దాని చుట్టూ రాసుకున్న స్క్రిప్టులన్నీ సరిచేయాల్సి వచ్చింది.

అక్షరం_విజయవాడ

నేను డెవలపర్‌ను కాను, పుస్తకాల ప్రచురణలో సాంకేతిక పని చూస్తాను. ఈ చర్చలో మా తెలుగు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నా.

ఇక్కడ ఎన్నో ఏళ్లు పుస్తకాలన్నీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాంలో, అను అనే ఫాంట్లలోనే తయారయ్యాయి. ఆ ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు, ఇలా అక్షరపు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉంటే తెలుగు కనబడుతుంది. ఫాంటు లేకుండా తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. ఆ ఫైలులో ఒక మాట వెతకలేం, వెబ్‌సైట్‌లో పెట్టలేం, ఈ-బుక్ చేయలేం. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్, ఏడోది, 2001లో వచ్చింది. తర్వాత అడోబీ దాన్ని ఆపేసింది. పుస్తకాలు మాత్రం ఆ ఫైళ్లలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు వాటిని యూనికోడ్‌లోకి (ప్రతి భాష అక్షరాలకూ సొంత సంఖ్యలిచ్చే ప్రమాణం) మార్చడమే నా పనిలో పెద్ద వాటా. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. కానీ ముక్కలు ఏ వరసలో కొట్టారన్నది ఆపరేటర్‌ను బట్టి మారుతుంది. కంటికి ఒకేలా కనిపించే అక్షరాన్ని ఇద్దరు రెండు రకాలుగా పేర్చి ఉంటారు. ఒక ఫాంటు కుటుంబానికి పనిచేసిన పట్టిక ఇంకోదానికి పనిచేయదు. చివరికి మనిషి కూర్చుని పేజీ పేజీ ప్రూఫ్ చూడాల్సిందే, అంటే పుస్తకాన్ని రెండోసారి తయారుచేసినట్టే.

అలాగని ఆనాడు దాన్ని ఎంచుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది, నిజమే. కానీ పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును కూర్చలేదు, పుస్తకం మాత్రం ఆ నెలలోనే ప్రెస్సుకు పోవాలి. వదిలేసే పరీక్ష పెట్టి ఉంటే అను ఫాంట్లు ఫెయిలయ్యేవి, పుస్తకమూ వచ్చేది కాదు. అందుకని మియాపూర్ గారి షరతు మరీ గట్టిదనిపిస్తోంది. పరీక్షలో ఫెయిలైనా కొనాల్సిన టూల్స్ ఉంటాయి. కొన్నప్పుడు ఏ ఫైలు ఏ ఫాంటులో, ఏ వెర్షన్‌లో ఉందో పక్కన ఒక కాగితం పెట్టి ఉంటే చాలు, ఇవాళ నాకు సగం కష్టం తప్పేది.

ఫ్రంటెండ్_న్యూజెర్సీ

అక్షరం గారి మాటకు పూర్తిగా మద్దతు. ఇంకో వైపు నుంచి కూడా చూడండి. ఇప్పుడున్న టూల్‌ను ఈ పరీక్షకు ఎవరూ కూర్చోబెట్టరు.

ఇక్కడ ఒక పెద్ద క్లయింటు దగ్గర ఆంగ్యులర్‌జేఎస్ (వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) కోడ్ ఉంది. 2016 సెప్టెంబర్‌లో ఆంగ్యులర్ 2 వచ్చింది, పేరు దగ్గరగా ఉన్నా పూర్తిగా కొత్తగా రాసినది. రెండూ పక్కపక్కనే నడుపుకుంటూ మెల్లగా మారడానికి వీలిచ్చారు. పాతదానికి మద్దతు 2021 డిసెంబర్ 31 దాకా ఉంది. అయిదేళ్లకు పైగా టైమ్. అయినా ప్రతి ఏడూ మీటింగులో ఒకటే మాట, మైగ్రేషన్ రిస్కు, ఇది నడుస్తోంది కదా అని. మద్దతు పోయాక సెక్యూరిటీ ఆడిట్ వాళ్లు పట్టుకున్నారు. అప్పటికి ఆ కోడ్ తెలిసినవాళ్లను వెతకడమే ఒక ప్రాజెక్టయింది.

కొత్త టూల్‌ను ఎలా వదిలేస్తామని అడిగేవాళ్లు, పాతదాన్ని ఎలా వదిలేస్తామని అదే గట్టిదనంతో అడగాలి. లేకపోతే ఈ పరీక్ష, ఏమీ మార్చకుండా ఉండటానికి సాకు అయిపోతుంది.

ఫ్రెషర్_హన్మకొండ

అన్నా, అక్కా, నాదొక మాట. నేను ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. మా సీనియర్లు మంచివాళ్లే, కానీ పదోసారి వెళ్లి అదే కోడ్ గురించి అడగాలంటే మొహమాటం. ఏఐ అసిస్టెంట్‌ను ఎన్నిసార్లయినా అడగొచ్చు. పాత కోడ్ అర్థం చేసుకోవడంలో అది నాకు నిజంగా ఉపయోగపడింది. నిమిషాలు కొలిస్తే ఇది ఎక్కడా కనిపించదు. మీరంతా పరీక్షలని ఆపేస్తే ముందు నష్టపోయేది మేమే. దయచేసి అది కూడా లెక్కలోకి తీసుకోండి.

బ్యాకెండ్_మియాపూర్

తమ్ముడూ, నువ్వు చెప్పింది నా మనసుకు తాకింది. కోడ్ అర్థం చేసుకోవడానికి వాడటం, కోడ్ రాయించుకోవడం రెండూ వేరు పనులు. ఫారం రెండిటినీ ఒకే ప్రశ్నలో కలిపేసింది. విడిగా చూడాలి.

కొండాపూర్ గారు ఎక్స్‌టెన్షన్ తీసేస్తే చాలన్నారు కదా, ఈ టూల్ విషయంలో నా భయం ఫైళ్ల గురించి కాదు. టూల్ రాసింది, ఒకరు పైపైన చూసి మెర్జ్ చేశారు (అసలు కోడ్‌లో కలిపేశారు), రాత్రి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది: బిల్లు తప్పు పడుతోంది. ఆ కోడ్ ఎందుకలా ఉందో చెప్పగల మనిషి టీమ్‌లో ఉండాలి. ఉంటే వదిలేయడం సులువే. లేకపోతే ఎక్స్‌టెన్షన్ తీసేసినా మనం దాని మీదే ఆధారపడి ఉన్నట్టు.

కొండాపూర్_స్టార్టప్

ఈ వాదన ఒప్పుకుంటా, మొదటిది కాదు. కానీ దానికి మందు టూల్ కొనకపోవడం కాదుగా. మెర్జ్ చేసినవాళ్లు ఆ కోడ్‌ను నోటితో వివరించాలని రివ్యూలో నియమం పెట్టండి. ఇంటర్నెట్ ఫోరంలోంచి కాపీ కొట్టిన రోజుల్లోనూ ఈ జబ్బు ఉంది. పరీక్ష పేరుతో ఇంకో మూడు నెలలు ఆగడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఏడాదికి బదులు నెలవారీగా కొనండి, సగం మందికే ఇవ్వండి, పని జరుగుతుండగానే కొలవండి.

బ్యాకెండ్_మియాపూర్

నెలవారీ మాట బాగుంది, అడుగుతాను. అక్షరం గారు చెప్పినట్టు పరీక్షలో ఫెయిలైతే కొనకూడదన్న షరతు కూడా తీసేస్తున్నా. పరీక్ష మాత్రం జరగాలి, ఫలితం కొనుగోలు కాగితాలతో పాటు ఉండాలి. న్యూజెర్సీ గారు అన్నట్టు ఇప్పుడున్న మా రిపోర్టింగ్ లైబ్రరీకి కూడా అదే పెడతాను, అది ఎప్పుడో కూర్చోవాల్సింది. జీఎస్టీ టికెట్‌ను వదులుకోను.

ఇన్‌ఫ్రా_వైజాగ్

ఆ టికెట్ ఇచ్చేముందు రెండు జాగ్రత్తలు. మీ రిపాజిటరీని (కోడ్ దాచే చోటు) ఉన్నదున్నట్టు ఇస్తే గిట్ హిస్టరీలో (పాత మార్పుల చరిత్రలో) 2025 సెప్టెంబర్ కమిట్లు, అంటే అప్పుడు చేసిన మార్పులు, ఉంటాయి, టూల్ వాటిని చదివి జవాబు అక్కడినుంచే తెస్తుంది. మార్పుకు ముందు కమిట్ దగ్గర కోడ్ ఎలా ఉందో అంతవరకే తీసుకుని, కొత్త ఫోల్డర్‌లో కొత్తగా గిట్ మొదలుపెట్టి ఇవ్వండి. బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు ఏవీ వెంట రాకూడదు.

రెండోది, టెస్ట్ డేటా ఫోల్డర్ తెరిచి చూడండి. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో బగ్ పట్టుకోవడానికని నిజమైన రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు అక్కడ పెట్టి మరిచిపోవడం మామూలు. అవి టూల్ ద్వారా బయటి సర్వర్‌కు పోకూడదు. 2023 డేటా రక్షణ చట్టం సంగతి అటుంచి, మీ క్లయింట్లకిచ్చిన మాట అది. ముందు ఆ ఫోల్డర్ శుభ్రం చేయండి, తర్వాత ట్రయల్.

బ్యాకెండ్_మియాపూర్

రేపు పొద్దున ముందు ఆ ఫోల్డరే చూస్తాను. ట్రయల్ ఇప్పటికే నడిచింది కాబట్టి, అందులో ఏం ఉందో, ఏం పోయిందో మేనేజర్ గారికి కూడా రేపే చెప్పాలి.