విశాఖకు ముందు ఏది కావాలి: మెట్రో రైలా, సొంత వరుసలో నడిచే ఎక్స్‌ప్రెస్ బస్సా?

వంశధార (గుణుపురం):
ఒడిశాలో ఉన్న మనకు విశాఖ బస్సుల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. రాయగడ, గజపతి జిల్లాల తెలుగువాళ్లం కాగితాల పని ఉంటే భువనేశ్వర్ వెళ్తాం. వైద్యం, పిల్లల చదువు, పెళ్లి బట్టలు, ఇంకేది కావలసి వచ్చినా విశాఖే దిక్కు.

పోయిన నెల అమ్మను కంటి పరీక్షకు హనుమంతవాక తీసుకువెళ్లాను. రైలు ప్రయాణం హాయిగానే సాగింది. కష్టమంతా మద్దిలపాలెంలో. బస్సు ఆగవలసిన చోట ఆటోలు నిండిపోయి ఉండటంతో బస్సు నడిరోడ్డు మీదే ఆగింది. అమ్మ పాత రిపోర్టుల కవరు గుండెకు హత్తుకుని, రెండు ఆటోల సందులోంచి వెళ్లి మెట్టు మీద కాలు పెట్టింది. ఆ మెట్టు ఆమె మోకాలి ఎత్తు ఉంది. రెండో కాలు పైకి తీసేలోగా వెనక హారన్లు, ముందు విజిల్. కండక్టరును తప్పుపట్టను. ఆయన మాత్రం అక్కడ ఎంతసేపు ఆపగలడు? బోర్డు మీద ఎక్స్‌ప్రెస్ అని ఉన్నా, చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతూనే వెళ్లింది.

మెట్రో మొదటి దశకు ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2024లో ఆమోదించిన అంచనా 46.23 కిలోమీటర్లకు 11,498 కోట్ల రూపాయలు. అంటే కిలోమీటరుకు దాదాపు 249 కోట్లు. అందులో పెద్ద మార్గం స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది వరకు, 34 కిలోమీటర్ల పైచిలుకు. చాలా భాగం జాతీయ రహదారి వెంబడే. అదే రహదారిలో ఇటొక వరుస (లేన్), అటొక వరుస బస్సులకే వదిలి, రెండు కిలోమీటర్లకొకచోట మాత్రమే ఆగే బస్సులు ముందు నడపాలని నా అభిప్రాయం. మెట్రో వద్దనడం లేదు. అది పూర్తయ్యేదాకా జనాన్ని రోడ్డు మీద నిలబెట్టవద్దంటున్నాను.

నాగావళి (రాయగడ):
మాస్టారూ, అమ్మగారి కష్టం అర్థమైంది కానీ మీ మందుతో ఒప్పుకోలేను. విశాఖ ఈ మందు ఒకసారి వాడి చూసింది. కేంద్రం తెచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకంలో పెందుర్తి, సింహాచలం దారులను బస్సుల కోసమే తలపెట్టారు. రోడ్డు వెడల్పయింది, సంతోషం. ఏడేళ్లు గోపాలపట్నంలో ఉద్యోగం చేశాను. బస్సు వరుస అనుకున్న చోట కార్లు, ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు చూశాను కానీ, బస్సు ఒక్కటే దూసుకుపోవడం ఏనాడూ చూడలేదు.

ఢిల్లీలో 2008లో తెరిచిన బస్సు వరుసను కార్ల వాళ్ల ఒత్తిడికి 2016లో తవ్వేశారు. రంగు వేసిన గీతను ఎవరైనా దాటుతారు. రైలు పట్టా మీదికి ఆటో రాదు. అందుకే డబ్బు ఎక్కువైనా మెట్రోయే అంటాను.

వంశధార:
అహ్మదాబాద్‌లో 2009లో మొదలుపెట్టిన జనమార్గ్ అనే బస్సు దారి నిలబడింది కదండీ. అక్కడ రోడ్డు మధ్యలో కంచె కట్టి, బస్సు గుమ్మం ఎత్తుకు సమానంగా స్టేషన్లు కట్టారు. టికెట్టు బస్సెక్కకముందే తీసుకుంటారు. అంటే లోపం ఆలోచనది కాదు, అరకొరగా చేయడానిది.

ఒక లెక్క చూడండి. ఒక బస్సు వెళ్లి రావడానికి మూడు గంటలు పడితే, పది నిమిషాలకొకటి నడపాలంటే 18 బస్సులు కావాలి. రెండు గంటల్లో తిరిగొస్తే 12 చాలు. లేదా అదే 18 బస్సులతో ఏడు నిమిషాలకు ఒకటి నడపవచ్చు. కొత్త బస్సు కొనలేదు, డ్రైవరును పెంచలేదు. వాహనాల మధ్య ఇరుక్కుని తగలబెట్టే డీజిలు, జీతం మిగిలాయి. దారి ఇవ్వడమంటే డబ్బు ఇవ్వడమే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అన్నయ్యలూ, ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో స్త్రీశక్తి పథకం వచ్చింది. సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే బస్సులోనూ ఆ రాష్ట్రం ఆడవాళ్లకు టికెట్టు లేదు. నా ఆధార్‌లో ఒడిశా చిరునామా ఉంది కాబట్టి నేను డబ్బిచ్చే ఎక్కుతాను. దానికి బాధ లేదు, పన్ను కట్టేది అక్కడివాళ్లు. గాజువాకలో మా చెల్లెలు ఉచితంగా ఎక్కుతుంది కానీ, ఎక్కడానికి చోటుండదు. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కి పనికి వెళ్తుంది. ఆలస్యమైతే అరపూట జీతం పోతుంది. ఉచితం ఇవ్వండి, దాంతోపాటు బస్సులూ పెంచండి. మెట్రోకు కోట్లు లెక్కపెట్టేవాళ్లు ముందు ఈ లెక్క వేయాలి.

బరంపురం పాతబస్టాండు:
మన రాజధాని సంగతి చెప్తాను. భువనేశ్వర్‌లో మో బస్ అనే సిటీ బస్సు సేవ 2018 నవంబరు 6న మొదలైంది. ఇప్పుడు ఆమ బస్ అంటున్నారు. ప్రత్యేక వరుసలు ఏమీ లేవు. వేళకు రావడం, యూనిఫాంలో సిబ్బంది, ఫోనులో బస్సు ఎక్కడుందో చూపించడం, అంతే. 2022లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం కూడా వచ్చింది. అక్కడే మెట్రోకు 2024 జనవరి 1న శంకుస్థాపన జరిగింది. ఆ మెట్రో ఇంకా పట్టాలెక్కలేదు, బస్సు మాత్రం రోజూ నడుస్తోంది. నడిపే సంస్థకు టికెట్ల మీద కాక, తిరిగిన కిలోమీటర్ల మీద డబ్బిస్తారు. అందుకే జనం కోసం పోటీపడి ఎక్కడ పడితే అక్కడ ఆపవలసిన అవసరం డ్రైవరుకు ఉండదు.

నాగావళి:
కిలోమీటరుకు డబ్బిస్తారు సరే, బస్సు ఖాళీగా తిరిగినా ఇవ్వాలి కదా? అసలు చిక్కు అక్కడే. కొనడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికి దొరకదు. 2023లో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవలో 10,000 విద్యుత్ బస్సులకు మొత్తం అంచనా 57,613 కోట్లయితే, కేంద్రం వాటా 20,000 కోట్లు. నడపడానికి సాయం పదేళ్లు. పదకొండో ఏడు ఎవరిస్తారు? మీ ముగ్గురిలో ఎవరైనా దీనికి జవాబు చెప్తే నా మాట వెనక్కి తీసుకుంటాను.

వంశధార:
న్యాయమైన ప్రశ్న. నాకు తోచింది చెప్తాను. రహదారి పక్కన ఉచితంగా ఆపుతున్న కార్ల నుంచి పార్కింగ్ రుసుము వసూలు చేయాలి. బస్సు దారి వచ్చాక ఆ పక్కన స్థలాల ధర పెరుగుతుంది. అక్కడ అదనపు అంతస్తులు కట్టుకునేవాళ్లు కట్టే రుసుములో కొంత భాగం తీయాలి. ఈ రెండూ ఒక విడి ఖాతాలో వేసి, బస్సులు నడపడానికి తప్ప ఇంకో పనికి ముట్టకూడదని నిబంధన పెట్టాలి. చాలకపోతే మిగతాది రాష్ట్రమే పెట్టాలి. వీధి దీపానికి లాభం అడగం కదా, బస్సును మాత్రం ఎందుకు అడగాలి?

వరుసను కాపాడటం కష్టమన్నారు, అది ఒప్పుకుంటాను. 34 కిలోమీటర్లూ ఒక్కసారే వద్దు. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక వరకు కంచె కట్టి చూడాలి. కూడళ్లలో బస్సుకు ముందు పచ్చ దీపం ఇవ్వాలి. ఆటోలకు పక్కనే వేరే చోటు చూపించాలి, లేకపోతే వాళ్లూ ఎక్కడికి పోతారు?

వచ్చే నెల 12న అమ్మకు మళ్లీ పరీక్ష ఉంది. ఈసారి బస్సు ఎక్కడెక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసుకుని వస్తాను. నాగావళి గారూ, మీరు ఇప్పటికీ గోపాలపట్నం వెళ్తుంటారు కదా, ఆ దారిలో మీరూ రాసి పెడతారా?

నాగావళి:
రాస్తాను మాస్టారూ. ఉదయం ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం ఆరుకు ఒకసారి.