పదిహేనేళ్ళప్పుడు విన్న ఆల్బమ్ ఇప్పుడు వేరుగా ఎందుకు వినిపిస్తోంది?

ప్రశ్న:

నాకు పదిహేనేళ్ళ వయసులో ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ క్యాసెట్ చేతికి వచ్చింది. త్యాగరాజ స్వామికీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన 1986 నాటి ఆ వాద్య సంగీతాన్ని రెండేళ్ళపాటు దాదాపు రోజూ విన్నాను. మొదటి వైపు అయిపోగానే ప్లేయర్ మీట టక్కున పైకి లేచేది. నేను వెళ్ళి, క్యాసెట్ తిరగేసి పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. మొన్న అదే ఆల్బమ్‌ను సీడీలో విన్నాను. శబ్దం ఎంతో శుభ్రంగా ఉంది, ఒక్క స్వరమూ పోలేదు, అయినా అది నేను విన్న ఆల్బమ్ కాదనిపించింది. శ్రుతి కూడా కాస్త దిగినట్లు తోచింది. నా జ్ఞాపకమే నన్ను మోసం చేస్తోందా, లేక నిజంగానే తేడా ఉందా? టీనేజీలో మీకు ప్రాణప్రదమైన ఆల్బమ్‌లను మళ్ళీ విన్నప్పుడు మీకు ఎలా అనిపించిందో కూడా చెప్పగలరు.

సమాధానం 1:

శ్రుతి విషయంలో మీ చెవిని నమ్మండి. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదలాలి కానీ, ఇళ్ళలో వాడే ప్లేయర్ల మోటార్లు నూటికి రెండు మూడు పాళ్ళు అటూ ఇటూ తిరగడం మామూలే. వేగం నూటికి ఆరు పాళ్ళు పెరిగితే శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టు పైకి, అంటే పక్కనున్న స్వరస్థానానికి వెళుతుంది. మూడు పాళ్ళయితే అందులో సగం. రెండేళ్ళు రోజూ విన్న చెవికి ఆ సగం మెట్టు తెలియకుండా ఉండదు. మీ ప్లేయర్ కొంచెం వేగంగా తిరిగి ఉంటుంది, మీకు ఆ శ్రుతే అసలైనదిగా స్థిరపడి ఉంటుంది.

మరొకటి కూడా గుర్తు చేసుకోండి. క్యాసెట్‌లో పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో, కొన్నిసార్లు, అదే పాట ఎంతో దూరం నుంచి సన్నగా వినిపించేది. టేపు చుట్టలో ఒక పొర మీదున్న అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకోవడం వల్ల అలా జరుగుతుంది. సాంకేతికంగా అది లోపమే అయినా, అది లేని సీడీలో పాట మనల్ని హెచ్చరించకుండా మొదలైనట్లు ఉంటుంది. సీడీలోని పాటలను కంప్యూటర్‌లోకి తీసుకుని, ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో వేగమూ శ్రుతీ కలిసి మారేలా రెండు మూడు పాళ్ళు పెంచి వినండి.

సమాధానం 2:

మోటారు వేగంతో పాటు పాటల వరుస కూడా ముఖ్యమని నా నమ్మకం. నా పదహారో ఏట నన్ను పట్టుకున్నది పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో విడుదల చేసిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. అది గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది, మధ్యలో చాలా పాటలు ఆగకుండా ఒకదానిలోంచి మరొకటి పుడతాయి. అందులోంచి ఒక్క పాటను విడదీసి వింటే, అది ఆగిన చోట తర్వాతి పాట నా మనసులో దానంతట అదే మొదలవుతుంది. అదే సమయానికి ఫోను మరేదో వినిపిస్తే నిజంగా బాధ కలుగుతుంది. పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య అనుభవాలు మనిషికి మిగతావాటికన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. అయితే నాకు గుర్తున్నది పాటలకన్నా వాటి మధ్య దారి అనిపిస్తుంది. మీరు క్యాసెట్ తిరగేసిన ఆ కాస్త విరామం కూడా ఆ దారిలో భాగమే, సీడీలో అది లేదు.

సమాధానం 3:

పై మాటకు నా అనుభవమే సాక్ష్యం. నా టీనేజీ ఆల్బమ్‌ను ఒక స్నేహితుడి క్యాసెట్ నుంచి అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. ఒక్కో వైపు ముప్పై నిమిషాలే కనుక, మొదటి వైపు చివరి పాట రెండో చరణం మధ్యలో, గాయని ఊపిరి తీసుకున్న చోట తెగిపోయింది. నాలుగేళ్ళు దాన్ని అలాగే విన్నాను. ఇప్పుడు ఆ పాట పూర్తిగా నా దగ్గర ఉంది, ఆ తెగిన చోటు తర్వాత వచ్చే చరణం చాలా గొప్పది, అయినా ఆ ఊపిరి వినబడగానే నా చేయి క్యాసెట్ తిరగేయడానికి కదులుతుంది.

ప్రశ్న అడిగిన వారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వేగాన్ని నూటికి రెండున్నర పాళ్ళు పెంచి విన్నాను. మొదటి వయొలిన్ పలకగానే శ్రుతి సరిపోయిందని తెలిసిపోయింది, కళ్ళు చెమర్చాయి. రెండో సమాధానం చదివాను కనుక, మొదటి వైపు ముగిసే చోట పాట ఆపి, లేచి గది చివరిదాకా నడిచి వచ్చాను. నేను తిరిగి కూర్చునేలోపే రెండో వైపు నా మనసులో మొదలైపోయింది.