అప్‌డేట్: చిన్నపిల్లలతో బరంపురం, రంభ వెళ్లి వచ్చాం

పర్లాకిమిడి నుంచి ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబుతో శని, ఆదివారాలు అలసట లేకుండా ఎక్కడికి వెళ్లొచ్చని పోయిన నెల అడిగాను. అందరికీ థ్యాంక్స్. దారింగబాడి ఘాట్ రోడ్డు పిల్లలకు కష్టం, బరంపురంలో గది తీసుకోండి అన్న అక్క సలహాయే పనికొచ్చింది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు ఓ నిద్ర తీశాకే గోపాల్‌పూర్ బీచ్‌కి బయలుదేరాం. బరంపురం నుంచి పదిహేను కిలోమీటర్లే. అక్కడ అలల ఉధృతి ఎక్కువ, స్నానానికి దింపలేదు. తడి ఇసుకలో గుంతలు తవ్వుకుంటూ చీకటి పడేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఆదివారం పొద్దున్నే రంభ వెళ్లి, చిలికా సరస్సులో పడవెక్కాం. పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని ముందే అడగండి. మొదటి పడవలో లేదు, ఇంకో పడవ కోసం అరగంట ఆగాం. ఆగి మంచిపని చేశాం, నాకు టెన్షన్ లేకుండా పోయింది. కొంగ ఎగిరినప్పుడల్లా బాబు చప్పట్లు కొట్టాడు! వలస పక్షులు కావాలంటే మాత్రం చలికాలంలోనే వెళ్లాలి.

తప్తపాని వేడినీటి బుగ్గ వదిలేశాం, రెండు రోజుల్లో ఇరికిస్తే పరుగే. స్ట్రోలర్ గురించి చాలా అడిగాను కానీ అది ఇసుకలో కదల్లేదు. పాలు కాచుకోవడానికి తీసుకెళ్లిన కెటిల్ మాత్రం రెండు పూటలా వాడాం.