కథను ఎంతవరకు దిద్దాక పత్రికకు పంపొచ్చు?

అందరికీ నమస్కారం. కథలు రాయడం నేర్చుకుంటున్నాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’ వెబ్‌సైట్‌లో పాత కథలు రోజూ చదువుతున్నా. ఆ తర్వాత నా కథ తీసి, పైకి చదువుకుంటూ దిద్దుతున్నా. సంభాషణలు బాగానే కుదిరాయి, ముఖ్యంగా చిల్లర దగ్గర కండక్టరుకీ ముసలమ్మకీ జరిగే గొడవ. టెన్షనంతా ముగింపుతోనే. తిరగరాసిన ప్రతిసారీ ఆమె బస్సు దిగే ఘట్టం ఇంకా పొడుగవుతోంది, బిగువు పోతోంది. ఆదివారం అనుబంధానికి పంపాలని గట్టి కోరిక.

కథలు అచ్చయినవాళ్లు దయచేసి చెప్పండి. ముగింపు మీద సాధన ఎలా చేశారు? దిద్దడం ఎక్కడ ఆపాలో ఎలా తెలిసింది? పంపేముందు ఎవరిచేతైనా చదివించేవారా, లేక కొన్నాళ్లు పక్కన పెట్టేవారా?