మట్టి దారిలో ఏసీ మీట ఎటువైపు ఉండాలి: లోపలి గాలికా, బయటి గాలికా?

బంగారుపాళ్యం_తోట:
అందరికీ నమస్కారం. మా మామిడి తోటకు వెళ్లే దారిలో చివరి 6 కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. తోతాపురి కోతల కాలంలో ట్రాక్టర్లూ లారీలూ తిరిగి తిరిగి ఆ మట్టి పిండిలా నలిగిపోయి ఉంటుంది. అద్దాలన్నీ ఎక్కించుకుని వెళ్లినా, తోట చేరేసరికి వెనక సీటు మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము పేరుకుంటోంది. మా అమ్మగారికి ఉబ్బసం ఉంది కాబట్టి ఇది కేవలం బండి శుభ్రతకు సంబంధించిన విషయం కాదు. మట్టి దారి రాగానే రీసర్క్యులేషన్ మీట నొక్కి లోపలి గాలినే తిప్పుకోవాలని మా బావ అంటాడు. చిత్తూరులో మా బండి చూసే మెకానిక్కు మాత్రం బయటి గాలి తెరిచి బ్లోయరు పెంచమంటాడు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఎవరి మాట సరైనదో కారణంతో సహా చెప్పగలరా?

తిరుపతి_ట్యాక్సీ:
మీ బావగారి మాటే సరైనది. పదిహేనేళ్లుగా తిరుపతి నుంచి భాకరాపేట, తలకోన వైపు మనుషులను తిప్పుతున్నాను, తోటల్లోకి దిగే మట్టి దారులన్నీ నాకు తెలుసు. బయట దుమ్ము లేస్తుంటే ఆ గాలినే లోపలికి లాక్కోవడం ఏమిటి? ఒకసారి అలా చేసి, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు తీసి చూస్తే మడతల నిండా మట్టి కూరుకుపోయి ఉంది. ఫిల్టరు అడ్డుకోలేని సన్నని దుమ్ము ఏసీ కాయిలు తడికి అంటుకుని బురదగా మారుతుంది, ఆ తరువాత బండిలో ముక్కిపోయిన వాసన వదలదు. మీట లోపలికి పెట్టుకోండి, హాయిగా వెళ్లండి.

కుప్పం_క్వారీ:
ట్యాక్సీ అన్నగారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ దుమ్ము ఏ దారిన లోపలికి వస్తున్నదో చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదని నా అభిప్రాయం. కుప్పం ప్రాంతంలో గ్రానైటు క్వారీ యంత్రాల మరమ్మతు నా పని. గ్రానైటు పొడిలో సిలికా ఉంటుంది, అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, వచ్చాక నయం కాదు. అందుచేత మాకు క్యాబిన్‌లోకి దుమ్ము రాకుండా చూడటం సౌకర్యం కోసం చేసే పని కాదు.

కారు ముందుకు పోతున్నప్పుడు దాని వెనక గాలి పీడనం తగ్గి ఒక సుడి ఏర్పడుతుంది. మన చక్రాలు లేపిన దుమ్మే ఆ సుడిలో చిక్కి డిక్కీ తలుపును అంటిపెట్టుకుని మన వెంటే వస్తుంది. వర్షాకాలంలో వెనక అద్దం ముందు అద్దం కంటే ఎంత త్వరగా బురదగొట్టుకుపోతుందో గమనిస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎక్కడైనా నలిగినా, తెగినా, కింద వైర్లు దూరే చోట రబ్బరు బుడిపె ఊడిపోయినా, ఆ దుమ్ముకు తలుపు తెరిచినట్లే. మీట రీసర్క్యులేషన్‌లో ఉన్నప్పుడు బ్లోయరు లోపలి గాలినే తిప్పుతుంది తప్ప క్యాబిన్‌లో పీడనాన్ని పెంచదు, అందువల్ల గతుకుల్లో బండి ఊగినప్పుడల్లా సందుల గుండా దుమ్ము నిరాటంకంగా లోపలికి వస్తూనే ఉంటుంది. అద్దాలన్నీ మూసి బయటి గాలిని తెరిచి బ్లోయరును మూడో నాలుగో అంకెలో పెడితే, ముందు అద్దం అడుగు నుంచి గాలి ఫిల్టరు గుండా లోపలికి వచ్చి, సందులన్నిటిలోంచి బయటికి తోసుకుపోతుంది. గాలి బయటికి పోతున్న సందులోంచి దుమ్ము లోపలికి రావడం కష్టం. క్వారీ యంత్రాల క్యాబిన్లు పనిచేసేది ఈ సూత్రం మీదే. మట్టి పని యంత్రాల క్యాబిన్ల కోసం ఐఎస్ఓ 10263 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, అందులో ఒక భాగం మొత్తం క్యాబిన్ లోపలి పీడనాన్ని పరీక్షించే పద్ధతికే కేటాయించారు.

నా మాట నమ్మనవసరం లేదు, ఒక అగరుబత్తితో ఎవరైనా చూసుకోవచ్చు. గాలి లేని చోట బండి ఆపి, అద్దాలు మూసి, వెనక సీటులో కూర్చుని డిక్కీ తలుపు అంచున వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. రీసర్క్యులేషన్‌లో పొగ అక్కడక్కడే తిరుగుతుంది. బయటి గాలికి మార్చి బ్లోయరు పెంచగానే, సందు ఉన్న చోట పొగ దారంలా సాగి బయటికి పోతుంది. దుమ్ము వచ్చే దారి కూడా సరిగ్గా అదే.

తిరుపతి_ట్యాక్సీ:
పీడనం సంగతి అర్థమైంది, కాదనను. కానీ మీ క్వారీ యంత్రానికీ నా బండికీ పోలిక పూర్తిగా కుదరదు. ముందు ఒక బస్సు పోతోందనుకోండి. అది లేపిన దుమ్ము సరిగ్గా నా ముందు అద్దం అడుగునే, గాలి పీల్చే చోటనే దిగుతుంది. అప్పుడు కూడా బయటి గాలి తెరిచి ఉంచమంటారా? పైగా కొన్ని పాత బండ్లకు క్యాబిన్ ఫిల్టరే ఉండదు.

కుప్పం_క్వారీ:
అలాంటప్పుడు తెరవకూడదు, ఆ మేరకు మీ మాట ఒప్పుకుంటున్నాను. ఇంకొకరి దుమ్ములో ఉన్నంతసేపు మీట లోపలికి పెట్టుకుని, ఆ దుమ్ము అణిగేంత దూరం వెనకబడి, ముందు గాలి తేటపడగానే మళ్లీ బయటి గాలికి మార్చాలి. ఫిల్టరు లేని బండిలో బయటి గాలి తెరవమని నేనూ చెప్పను. కానీ మన ప్రాంతపు తోట దారుల్లో చాలాసేపు మన ముందు ఎవరూ ఉండరు, లోపల చేరేది మనం లేపిన దుమ్మే. ఇంకొక్క విషయం, ఐదుగురు ఎక్కిన బండిలో చాలాసేపు లోపలి గాలినే తిప్పుకుంటే మనం విడిచే కార్బన్ డయాక్సైడు పెరిగి డ్రైవరుకు మగత వస్తుంది. మిమ్మల్ని నమ్మి ఎక్కే ప్రయాణికులను తిప్పే మీరు దీన్ని తేలికగా తీసుకోవద్దని మనవి.

ఫిల్టరు మట్టితో నిండుతుందన్నారు. నిండాలి, దాని పనే అది. ఫిల్టరు మార్చేందుకు టార్ రోడ్డు లెక్కన బండి పుస్తకంలో రాసిన గడువును మాత్రం మట్టి దారుల్లో తిరిగేవారు నమ్ముకోకూడదు. నెలకొకసారి గ్లవ్ బాక్సు వెనక నుంచి తీసి, నెమ్మదిగా తట్టి, బాగా నిండిపోతే మార్చేయాలి. నీళ్లతో కడిగితే సన్నని దుమ్మును పట్టే విద్యుత్ గుణం పోతుంది. తిరిగి పెట్టేటప్పుడు దాని అంచున ఉన్న బాణం గుర్తును గాలి పోయే దిక్కుకే ఉంచాలి.

పలమనేరు_జీపు:
ఈ మీట గొడవ లేకుండా నేను తలుపుల అడుగున ఉన్న రంధ్రాలన్నీ సీలంటుతో మూసేశాను. కొంత తగ్గింది.

కుప్పం_క్వారీ:
దయచేసి వాటిని వెంటనే తెరవండి. అద్దం మీద నుంచి తలుపులోకి జారే వాన నీరు బయటికి పోయే దారులవి. మూసేస్తే నీరు నిలిచి, తలుపు అడుగు రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, అది బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. మూయవలసినవి నేల మీద, డిక్కీ గోడలో ఊడిపోయిన రబ్బరు బుడిపెల రంధ్రాలు. వెనక బంపరు లోపల గాలి బయటికి పోయేందుకు సన్నని రెక్కలున్న ఒక పెట్టె చాలా కార్లలో ఉంటుంది, ఆ రెక్కలు మట్టి పట్టి తెరుచుకునే ఉండిపోతే దుమ్ము అటునుంచి వస్తుంది. దాన్ని శుభ్రం చేయాలే గానీ మూయకూడదు. కాయల పెట్టెలు పట్టలేదని డిక్కీని తాడుతో సగం కట్టుకుని నడిపేవారికి కూడా ఒక మాట: దుమ్ముతో పాటు సైలెన్సరు పొగలోని కార్బన్ మోనాక్సైడు కూడా అదే సుడిలో లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు.

బంగారుపాళ్యం_తోట:
నిన్న సాయంత్రం అగరుబత్తితో చూశాను. బీడింగ్ అంతా బాగానే ఉంది, పొగ కదలలేదు. డిక్కీ అడుగున ఎడమ మూలకు వచ్చేసరికి మాత్రం పొగ కార్పెట్టు కిందికి జారిపోయింది. కార్పెట్టు ఎత్తి చూస్తే, రివర్స్ కెమెరా వైరు కోసం రెండేళ్ల క్రితం ఒక దుకాణంలో వేసిన రంధ్రం ఉంది. చిటికెన వేలు పడుతుంది. రబ్బరు బుడిపె పెట్టకుండానే వదిలేశారు. చుట్టూ విసనకర్ర ఆకారంలో ఎర్రమట్టి పరుచుకుని ఉంది, కొన వెనక సీటు వైపు సాగి ఉంది. 

ఈ రోజు పొద్దున బుడిపె వేయించి, బయటి గాలికి మీట పెట్టి, బ్లోయరు మూడులో ఉంచి తోటకు వెళ్లాను. సగం దారిలో కాయల ట్రాక్టరు ఎదురైనప్పుడు మీట లోపలికి మార్చి, అది దాటి గాలి తేటపడ్డాక మళ్లీ తెరిచాను. దిగాక వెనక సీటు మీద తెల్లటి చేతిగుడ్డతో తుడిస్తే అంచున లేత ఎరుపు మాత్రమే అంటింది. ఆ గుడ్డను మా బావకు చూపించాను. రంధ్రం మూయడం వల్ల తగ్గిందా, మీట మార్చడం వల్ల తగ్గిందా అని ఆయన అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. రేపు అదే దారిలో, అదే వేగంతో, మీట పూర్తిగా లోపలికి పెట్టి వెళ్లి, ఇంకొక గుడ్డతో తుడిచి రెండూ పక్కపక్కన పెట్టి ఇక్కడ ఫొటో పెడతాను. అమ్మను మాత్రం రేపు తీసుకువెళ్లడం లేదు.