‘తెరువు తప్ప’: వారలెల్లనా, వారికెల్లనా?

నీలిసిరా:
టోల్కీన్ నవల ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడోసారి మొదలుపెట్టాను. మొదటిసారి చదివింది ఇంజనీరింగ్ రెండో ఏడు సెలవుల్లో, ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర కొన్న కాపీతో. మూడు భాగాలూ ఒకే బొత్తిగా కుట్టిన లావుపాటి పుస్తకం, అట్ట సగం ఊడిపోయి ఉండేది. చివరి ఖాళీ పేజీలో ఎవరో పెన్సిల్‌తో తెలుగు పద్యం రాసి పెట్టారు. ఆ పుస్తకం తర్వాత ఎవరికో అరువిచ్చాను. అరువిచ్చిన పుస్తకం సంగతి చెప్పక్కర్లేదు కదా. ఇప్పుడు కొత్త కాపీలో బ్రీ ఊరి సత్రం దాకా వచ్చి, మాంత్రికుడు గాండాల్ఫ్ వదిలి వెళ్లిన ఉత్తరంలో అరగార్న్ గురించి ఉన్న ఇంగ్లీషు పద్యం (బంగారమంతా మెరవదు, తిరిగేవాళ్లంతా దారి తప్పినవాళ్లు కారు అని) చదవగానే, దానికి తెలుగైన ఆ పెన్సిల్ పద్యం మళ్లీ నోట్లో ఆడడం మొదలైంది. రెండు పాదాలే గుర్తున్నాయి:

పసిడి యెల్ల మెఱసి పైకిఁ గన్పడదురా
తిరుగువార లెల్లఁ దెరువు తప్ప...

అక్కడితో సరి. పైగా రెండో పాదంలో ‘వార లెల్ల’ అని రాశాను గానీ, ఒక్కోసారి ‘వారి కెల్ల’ అని కూడా వస్తోంది. మూడు రోజులుగా ఇదే గోల. ఎవరైనా ఎక్కడైనా చూశారా?

ఛందోదాసు:
చూడలేదు. కానీ రాసినవాడికి చెయ్యి తిరిగింది. శుద్ధమైన ఆటవెలది. ప-పై, తి-తె, రెండు యతులూ కుదిరాయి. మీ సందేహం మాత్రం ఛందస్సు తీర్చదు. ‘వార లెల్ల’ అన్నా ‘వారి కెల్ల’ అన్నా రెండూ గలాలే, గురువు పక్కన లఘువు. అర్థమే తేల్చాలి. ‘లెల్ల’ అయితే ఆ ‘తప్ప’ సగంలో తెగిన క్రియ. ‘తెరువు తప్ప / రెపుడు’ అని మూడో పాదంలోకి జారి ఉంటుంది. తిరిగేవాళ్లంతా దారి తప్పినవాళ్లు కారని, మూలానికి సరిగ్గా సరిపోతుంది. ‘కెల్ల’ అయితే ఆ ‘తప్ప’ క్రియే కాదు. ‘నువ్వు తప్ప నాకెవరున్నారు’లోని తప్ప. తిరిగేవాళ్లకి దారి తప్ప ఇంకేదో లేదని. ఆ ఇంకేదో ఏమిటో మూడో పాదంలో ఉండాలి.

తెనాలి మాస్టారు:
నాకు మొదటి పాదమే మింగుడుపడలేదు. ‘పసిడి యెల్ల కన్పడదు’ అంటే ఏ బంగారమూ కనపడదనా, బంగారమంతా కనపడదనా? క్లాసులో ‘పిల్లలందరూ రాలేదు’ అంటే కొందరే వచ్చారని అర్థం. ఒక్కరూ రాకపోతే ‘ఎవరూ రాలేదు’ అంటాం. ‘అందరూ’కి ఆ వెసులుబాటు ఉంది. ‘ఎల్ల’ బరువైన మాట. దాని పక్కన వ్యతిరేక క్రియ పడితే మొత్తం ఊడ్చిపెట్టుకు పోతుంది. ఇంకో మాట: ‘కన్పడదు’ నాకు ససేమిరా నచ్చలేదు. ‘కనఁబడదు’ అనాలి. బండి ఱ, అరసున్న పెట్టేంత నిష్ఠ ఉన్నవాడు అక్కడ ‘కన్పడదు’ అంటాడా? మీ జ్ఞాపకం మీద నాకు అనుమానంగా ఉంది.

నీలిసిరా:
అరసున్నలు నేను పెట్టినవే మాస్టారూ, పెన్సిల్‌లో ఉన్నాయో లేదో చెప్పలేను. బండి ఱ మాత్రం ఉంది. దాన్ని చూసి ఇదెవరో పెద్దాయన చదివిన పుస్తకమే అనుకున్నట్టు గుర్తు. ఇక ‘ఎల్ల’ సంగతి. మూలంలో కూడా ఆ చిక్కు ఉంది. ‘ఆల్ దట్ ఈజ్ గోల్డ్ డజ్ నాట్ గ్లిట్టర్’ అన్నదాన్ని పట్టి పట్టి చదివితే బంగారమేదీ మెరవదని కూడా అర్థం వస్తుంది. రెండో పాదంలో ‘నాట్ ఆల్’ అని ముందే పెట్టాడు, అక్కడ తికమక లేదు. షేక్‌స్పియర్ వెనిస్ వర్తకుడి నాటకంలో మొరాకో యువరాజు బంగారు పెట్టె తెరిస్తే దొరికే చీటీలోని సామెతని టోల్కీన్ తిరగేశాడు. తిరగేసినప్పుడు ఆ పాత వంకర కూడా వెంట వచ్చింది.

కాకినాడ కాజా:
మెరిసేదంతా బంగారం కాదని మన బామ్మలు ఎప్పటినుంచో అంటున్నారు. తిరగేస్తే మాత్రం పెద్ద కవిత్వమా? సరే గానీ ‘తిరుగువారలు’ వింటే నాకు తిరుగుబోతులే గుర్తొస్తున్నారు. తిరిగి ఆడది, తిరక్క మగాడు చెడ్డారని సామెత ఉండనే ఉంది కదా.

పాలమూరు పిల్ల:
కాజా గారూ, ఆ సామెత ఇక్కడ పెట్టేముందు నవల మూడో భాగం చదివి ఉండాల్సింది. తిరక్క చెడబోయింది అందులోని రాచపిల్ల ఎయోవిన్. నీకు దేనికి భయం అని అరగార్న్ అడిగితే, పంజరానికి అంటుంది. మగవాళ్లంతా యుద్ధానికి వెళ్తూ ఇల్లు చూసుకోమన్నారు. మారు పేరుతో, మగ వేషంతో గుర్రమెక్కి వెళ్లి, ఏ మగాడి చేతిలోనూ చావనని విర్రవీగినవాడిని చంపేసింది. పదహారేళ్లప్పుడు ఆ ఘట్టం ఒక్కటే పది సార్లు చదివాను. ఇప్పుడు రెండోసారి మొత్తం చదివితే, యుద్ధం కంటే పంజరం అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అసలు విషయానికి వస్తే, నా ఓటు ‘కెల్ల’కే. మా ఇంట్లో తెరువు పుస్తకం మాట కాదు. ‘బతుకుదెరువుకు బొంబాయి పోయిండు’ అన్న మాట వినపడని ఊరు మా వైపు ఉండదు. తిరిగేవాళ్లకి తెరువు తప్ప ఏముంటుంది? ఇల్లుండదు, పొలముండదు. ఆ పెన్సిల్ పట్టినాయన మా దగ్గరివాడై ఉంటాడని నా గట్టి నమ్మకం.

ఛందోదాసు:
బతుకుదెరువు! దీన్ని నేనే చెప్పాల్సింది. అందులో ‘తె’ కాస్తా ‘దె’ అయింది చూశారా? అదే లెక్కన ఈ పద్యంలోనూ ‘తెరువు దప్ప’ అని ఉండొచ్చు. ప్రథమ మీది పరుషాలకి గసడదవలు అని వ్యాకరణ సూత్రం. చిన్నయసూరి ‘బహుళముగా’ అన్నాడు కాబట్టి ‘తప్ప’ అన్నా తప్పు పట్టలేం. నీలిసిరా గారూ, ఒకసారి కళ్లు మూసుకుని చెప్పండి: పెన్సిల్‌లో ఉన్నది ‘తప్ప’నా, ‘దప్ప’నా?

నీలిసిరా:
కళ్లు మూసుకుంటే అట్ట ఊడిన పుస్తకమే కనిపిస్తోంది సార్.

తెనాలి మాస్టారు:
‘దప్ప’ అని తేలితే క్రియే అని నా అభిప్రాయం. దారి తప్పడం. ‘విడిచి’ అనే అర్థంలో వచ్చే ‘తప్ప’ని ఎవరూ ‘దప్ప’ అనగా నేను వినలేదు.

ఛందోదాసు:
మీరు వినకపోవడం సూత్రం కాదు కదా మాస్టారూ. ‘నీవు దప్ప’ అనడం పద్యాల్లో కొత్తేమీ కాదు.

సూరన చిలుక:
పరాయి సరుకు కోసం ఇంత అవస్థ దేనికో. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో కథ చెబుతాడు, ఒక చిలుక ఆ కథ వినేస్తుంది, వినేసిన కథ లోకంలో జరగడం మొదలవుతుంది. ఒక రంభకి ఇద్దరు రంభలు, ఒక నలకూబరుడికి ఇద్దరు నలకూబరులు. ఇంతకంటే ఎపిక్ ఫాంటసీ ఏం కావాలి? పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన రాసి పెట్టాడు. కళాపూర్ణోదయం రీరీడ్ పెట్టండి, మొదట నేనే వస్తాను.

పాలమూరు పిల్ల:
పెడదాం. మొదటిసారి సగంలో వదిలేశాను, ఎవరు ఎవరి వేషంలో ఉన్నారో కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది. కానీ ఈయన్ని పరాయివాడని తోసేయకండి. టోల్కీన్ మనలాంటివాడే, మాటల పిచ్చి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘డబ్ల్యూ’తో మొదలయ్యే మాటల దగ్గర పనిచేస్తూ, వాల్రస్ అన్న ఒక్క మాట పుట్టుక కోసం తెగ కుస్తీ పట్టాడు. ఇక్కడ ఉంటే మన ‘తప్ప’ మీద పది పేజీలు రాసేవాడు.

తెనాలి మాస్టారు:
సూరన మీద నాకూ భక్తి ఉంది. కానీ ఇక్కడ గుర్తుకు రావాల్సింది వేమన కదా! మెరుపు గురించి ఆయన చెప్పాక ఇంకెవరు చెప్పాలి?

నిక్కమైన మంచి నీలమొక్కటి చాలు
తళుకు బెళుకు రాళ్లు తట్టెడేల

మెరిసేవన్నీ ఒక తట్టలో పోసి పక్కన పెట్టేశాడు. పసిడి సంగతి కావాలంటే ‘కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’ ఉంది. అక్కడ చూపు కూడా కాదు, చెవి. బంగారం మెరవకపోవడం కాదు, మోగకపోవడం. ఇంగ్లీషువాడు కంటి దగ్గర ఆగిపోయాడు. బ్రౌన్ 1829లోనే వేమన పద్యాలు ఇంగ్లీషు చేసి అచ్చు వేయించాడు మరి, ఆక్స్‌ఫర్డ్‌లో ఎవరైనా తిరగేశారో లేదో!

కాకినాడ కాజా:
అంటే టోల్కీన్ వేమనని కాపీ కొట్టాడంటారా మాస్టారూ?

తెనాలి మాస్టారు:
అనను. అనుకుంటాను.

నీలిసిరా:
మాస్టారూ, అరగార్న్‌కి సరిపోయేది నీలం కాదేమో, ‘ఉప్పు కప్పురంబు’ పద్యం. సత్రంలో స్ట్రైడర్ అన్న పేరుతో మూల కూర్చున్న మట్టిబూట్లవాడు ఆయనే, చూడటానికి ఉప్పే. నిజానికి, మొదటిసారి చదివినప్పుడు నేనూ ఆయన్ని దొంగే అనుకున్నాను. ఈసారి తెలిసి చదువుతుంటే ఇంకో బాధ. కథానాయకుడు ఫ్రోడో ఆయన్ని అనుమానిస్తున్న ప్రతి వాక్యం దగ్గరా ‘అరే, ఉత్తరం అడుగు’ అని పుస్తకంలోకి అరవాలనిపించింది. ఆ సత్రంవాడు ఉత్తరం పంపడం మర్చిపోయి నెలల తరబడి దగ్గరే ఉంచుకున్నాడు. అంత పెద్ద కథ అంతా ఒక మతిమరుపు మీద వేలాడుతోంది.

ఛందోదాసు:
ఆ మూల కూర్చున్నవాడి పేరు, స్ట్రైడర్ అన్నదాన్ని, తెలుగులో ఏమంటారు? నేనైతే ‘తెరువరి’ అంటాను. బాటసారి అని అర్థం ఉండనే ఉంది, మన పద్యానికీ అతుకుతుంది.

పాలమూరు పిల్ల:
తెరువరి మరీ మర్యాదగా ఉంది. బ్రీ జనం ఆ పేరు గౌరవంతో పెట్టలేదు, మూతి విరిచి పెట్టారు. దేశదిమ్మరి అనాలి. దానిలో ఆ చులకన ఉంది. తర్వాత రాజయ్యాక ఆయన ఆ వెక్కిరింపునే పాత భాషలోకి మార్చి, టెల్కొంటార్ అని తన వంశానికి పేరు పెట్టుకుంటాడు. దేశదిమ్మరి వంశం! తెరువరి అంటే ఆ దెబ్బ పోతుంది. పేర్లలో వేటిని అనువదించాలో, వేటిని ముట్టుకోకూడదో టోల్కీనే అనువాదకుల కోసం పట్టిక రాసి పెట్టాడు, అంత పట్టింపు మనిషి.

ఛందోదాసు:
దేశదిమ్మరిని ఆటవెలదిలో మొదట పెడితే ‘రి’ తర్వాతి గణంలోకి జారిపోతుంది. మధ్యలో ఎలాగోలా ఇరికించాలి.

పాలమూరు పిల్ల:
మనిషి కూడా అంతే కదా సార్, మూలనే కూర్చున్నాడు.

ఇంకొకటి, నా ‘కెల్ల’కి నవల నుంచే సాక్ష్యం తెస్తున్నాను. ఫ్రోడోని పెంచిన బిల్బో ఇల్లు వదిలేటప్పుడు దారి గురించి ఒక పాట పాడతాడు. దారి అలా సాగుతూనే ఉంటుందని. తర్వాత ఫ్రోడో అదే పాట అంటాడు, ఒక్క మాట తేడాతో. బిల్బో నోట ఉత్సాహపడే పాదాలు, ఫ్రోడో నోట అలసిన పాదాలు. మూడోసారి చదివేవాళ్లు కూడా దాన్ని దాటేసి పోతారు. పెన్సిల్ ఆయన దాన్ని పట్టుకుని ఉంటే, పసిడి పద్యంలోకి ఆ దారి పాటని కూడా కలిపేశాడు. అందుకే ‘తెరువు తప్ప’.

తెనాలి మాస్టారు:
ఊహ బాగుంది. ఊహలాగే ఉంది.

నీలిసిరా:
ఆగండాగండి. అలసిన పాదాలనగానే ఏదో కదిలింది. ఆ పద్యంలో ‘వేరు’ అన్న మాట ఉంది. ఇది ఖాయం, ఒట్టు. ఎక్కడో తెలీదు గానీ ఉంది.

ఛందోదాసు:
ఉంటే తేలిపోయింది! మూడో పాదం మొదట ‘వేరు’ పెట్టండి, గలం సరిపోయింది. ‘తిరుగువారి కెల్లఁ దెరువు తప్ప / వేరు...’ అంటే దారి తప్ప వేరే ఆస్తి లేదు, వేరే ఇల్లు లేదు. పాలమూరు పిల్ల గారికి నమస్కారం, ఓడిపోయాను.

తెనాలి మాస్టారు:
తొందరపడకండి. మూలంలో నాలుగో పాదం ఏమిటి? లోతైన వేళ్లకి మంచు అందదని. ఆ ‘వేరు’ చెట్టు వేరు! మూడో పాదం ముదిమి గురించి, నాలుగోది వేరు గురించి. క్రమం చక్కగా ఉంది. కాబట్టి ‘వార లెల్ల’, ‘తప్పరు’, కింద ఎక్కడో ‘వేరు’. పెన్సిల్ ఆయన మూలాన్ని వదలకుండా నడిచాడు.

ఛందోదాసు:
మాస్టారు చెప్పింది నిజమైతే ‘వేరు’ నాలుగో పాదంలో ఉండాలి. నీలిసిరా గారూ, కింది నుంచి మొదటి లైనా, రెండో లైనా?

నీలిసిరా:
పేజీ కింద టీ కప్పు మరక ఉండేది. ‘వేరు’ ఆ మరక అంచున ఉందనిపిస్తోంది. మరక ఎంత పైకి ఉందో మాత్రం చెప్పలేను.

సూరన చిలుక:
రెండు వేర్లూ ఉండి ఉంటాయి. వేరు తప్ప వేరు లేదని. సూరనైతే అదే చేసేవాడు, రాఘవపాండవీయంలో పద్యానికి రెండు కథలు మోయించినవాడికి ఒక వేరుకి రెండు అర్థాలు లెక్కా?

కాకినాడ కాజా:
నాకో ధర్మసందేహం. వేమన ‘తట్టెడు’ అన్నాడు కదా. మా వైపు తట్ట కంటే గంప పెద్దది. రాళ్లు అన్ని ఉన్నాయని చెప్పాలంటే ‘గంపెడేల’ అనొచ్చుగా?

తెనాలి మాస్టారు:
యతి! ‘తళుకు’కి ‘తట్టెడు’. గంప పెడితే ఎక్కడ కుదురుతుంది?

పాలమూరు పిల్ల:
మా దగ్గర తట్ట అంటే మట్టి మోసేది, ఇనపది కూడా ఉంటుంది. రాళ్లు మోయడానికి గంప కంటే తట్టే నయం. యతి ఒక్కటే కాదు మాస్టారూ, వేమనకి పని కూడా తెలుసు.

కాకినాడ కాజా:
గంప పెద్దదా కాదా అది చెప్పండి ముందు.

నీలిసిరా:
మీరు గంపా తట్టా తేల్చండి. నేను రివెండెల్ చేరాను. సభలో బిల్బో లేచి అదే పద్యం మళ్లీ చదువుతున్నాడు, నేనే కట్టానని మురిసిపోతూ.